ఛాతీ లోయ వైపు

గుల్‌మార్గ్‌లో ఆరో రోజు పొద్దున గొండోలా దిగి, కొంగ్‌డోరీ స్టేషన్ బయట స్కీలు తగిలించుకునేటప్పుడు నాకు భయం లేదు. కాస్త దూరం జారుకుంటూ పోయి వాలు మొదలయ్యే చోట ఆగాను. భయం అక్కడ కాచుకుని ఉంది. కాళ్ల ముందు రెండు బారల మంచు కనిపిస్తోంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడో చాలా కింద ఫర్ చెట్ల కొనలు. మధ్యలో ఉన్న వాలు కంటికి ఆనడం లేదు. మోకాళ్లు వణకడం మొదలైంది. గ్లోవ్స్ లోపల అరచేతులు తడిసిపోయాయి. ఐదు రోజులు కింద చదును మీద నేర్చుకున్నదంతా పలక మీది రాతలా చెరిగిపోయింది.

పక్కనే నా ఇన్‌స్ట్రక్టర్, టంగ్‌మార్గ్ కుర్రాడు. "భయపడకండి" అనలేదు. ఆ మాట అనకపోవడం ఎంత గొప్ప సంగతో నాకు తర్వాత తెలిసింది. భయపడకు అని చెప్పగానే భయం పోయిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అతను నా వైపు చూసి హిందీలో ఒకటే అడిగాడు: "సార్, మీ ఛాతీ ఎటు తిరిగి ఉంది?"

చూసుకున్నాను. స్కీలు వాలుకు అడ్డంగా ఉన్నాయి. నడుము నుంచి పైన ఒళ్లంతా కొండ వైపు తిరిగి ఉంది. నడుము వెనక్కి వాలి, కొండను ఆనుకోవాలని చూస్తోంది. ఎగువ చెయ్యి మంచును తాకడానికి సాగి ఉంది.

"దాన్ని లోయ వైపు తిప్పండి. మిగతావి తర్వాత చూద్దాం."

ఈ అధ్యాయం ఆ ఒక్క మాట గురించే.

చెరువు కట్ట దిగేటప్పుడు మనం ఏం చేస్తామో గుర్తు చేసుకోండి. వెనక్కి వాలతాం, మడమలు తన్నిపెడతాం, జారితే కూలబడి గడ్డి పట్టుకుంటాం. నడక వచ్చిన నాటి నుంచీ ఒంటికి తెలిసిన పాఠం ఇది. చెప్పుల కాళ్లకు మంచి పాఠమే. స్కీల మీద మాత్రం సరిగ్గా ఇదే కొంప ముంచుతుంది. బరువు మడమల మీదికి పోగానే స్కీల ముక్కులు తేలికవుతాయి. ముందు భాగంలోని ఇనుప అంచులు మంచులో కరవవు. అవి కరవకపోతే స్కీ తిరగదు. తిరగని స్కీ నేరుగా కిందికి పరుగెడుతుంది. అంటే వేగానికి భయపడి వెనక్కి వాలామా, ఆ వాలడమే మన వేగం పెంచుతుంది. ఇక్కడ మీ ఒళ్లు పిరికిది కాదని గుర్తించండి. పాత పాఠాన్ని నమ్మకంగా అప్పజెబుతోంది, అంతే. కొత్త పాఠం దానికి మాటలతో ఎక్కదు, చేసి చూపించాలి.

అంతకన్నా ముందు కళ్ల సంగతి చూడాలి.

వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెనిస్ ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొండ వాలుల మీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. 5 డిగ్రీల వాలు చూపించి ఎంత ఉంటుందని అడిగితే జనం దాదాపు 20 డిగ్రీలని చెప్పారు. నిటారు వాలు కింద నుంచి చూసినప్పటి కన్నా పై నుంచి చూస్తే మరింత నిటారుగా తోస్తుందని కూడా వాళ్లు గమనించారు. 2008లో జనీన్ స్టెఫనూచీ, ప్రాఫిట్, మరికొందరు కలిసి అచ్చువేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. కొండ పైన కొందరిని స్కేట్‌బోర్డు మీద, మరికొందరిని అంతే ఎత్తున్న చెక్కపెట్టె మీద నిలబెట్టారు. వాలు ఎంతుందని అడిగారు. స్కేట్‌బోర్డు మీద నిలబడి భయపడిన వాళ్లకు అదే వాలు ఎక్కువ నిటారుగా కనిపించింది. అయితే, కళ్లతో వాలును చూస్తూ ఒక పలకను అరచేత్తో అంతే వంచి చూపమన్నప్పుడు అందరి చేతులూ సరిగ్గానే వంచాయి, భయపడిన వాళ్లవి కూడా.

నోటితో చెప్పిన లెక్కలో భయం కలిసింది. చెయ్యి చూపిన లెక్కలో కలవలేదు. వాలు అంచున నిలబడ్డ ప్రతి మనిషికీ ఈ విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండునని నా కోరిక.

నాకు మా ఊరి మోటబావి గుర్తొస్తుంది. ఎండాకాలం సెలవుల్లో మా బాబాయి నా నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావి గట్టు మీద నిలబెట్టేవాడు. నీళ్లలోంచి పైకి చూస్తే గట్టు అందేంత దగ్గర. గట్టు మీంచి కిందికి చూస్తే నీళ్లు పాతాళంలో. బావి అదే, లోతు అదే. ఎక్కువసేపు నిలబడితే బావి ఇంకా లోతయ్యేది. తొందరగా దూకిన రోజున అంత లోతు ఉండేది కాదు.

కాబట్టి అంచుకు చేరాక కంటిని నమ్మే ముందు లెక్క చూడండి. ఆస్ట్రియా, జర్మనీ దేశాల్లో నీలం గుర్తున్న వాలు 25 శాతం దాటదు, ఎర్ర గుర్తున్నది 40 శాతం దాటదు, అక్కడక్కడ చిన్న ముక్కలు తప్ప. ఆ పైది నలుపు. శాతం అంటే డిగ్రీ అనుకునేరు. నూరు శాతం వాలంటే 45 డిగ్రీలు. 25 శాతం సుమారు 14 డిగ్రీలు, 40 శాతం సుమారు 22. మన ఇళ్లలో డాబా మీదికి వెళ్లే మెట్లు మామూలుగా 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటాయి. అంటే ఎర్ర వాలు మీ ఇంటి మెట్ల కన్నా తక్కువ నిటారు. ఆ మెట్లు మీరు చేతిలో బట్టల బకెట్ పట్టుకుని దిగుతుంటారు. మాయర్‌హోఫెన్‌లో హరాకిరి అని పేరు పెట్టిన భయంకరమైన వాలు 78 శాతం, అంటే దాదాపు 38 డిగ్రీలు. దాని జోలికి ఇప్పుడు వెళ్లనక్కర్లేదు. అమెరికాలో స్కీయింగ్ నేర్చుకుంటున్న మనవాళ్లకు ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల డైమండ్ గుర్తులుంటాయి. అవి ఆ కొండలో ఒక వాలును మరో వాలుతో పోల్చి పెట్టిన గుర్తులు. ఒక కొండ మీది నీలం ఇంకో కొండ మీది నలుపంత కఠినంగా ఉండవచ్చు. గుర్తు చూసి ధైర్యపడకండి, గుర్తు చూసి బెదరకండి కూడా.

ఇంకో మోసం గుండె చప్పుడుది. గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా మొదటి దశ దిగే కొంగ్‌డోరీ 3,000 మీటర్లు దాటుతుంది. హైదరాబాద్ 500 మీటర్ల చిల్లర. మైదానం నుంచి వచ్చిన వాడికి ఆ ఎత్తులో గాలి చాలదు. బూట్ల బకిల్స్ బిగించుకున్నా ఆయాసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. నేను మొదటి రెండు రోజులు దాన్ని భయమనే అనుకున్నాను. అలా అనుకోవడంతో నిజంగానే భయం వేసింది. కొండ చేరగానే వాలెక్కకుండా ఒకటి రెండు రోజులు ఆగండి, నీళ్లు బాగా తాగండి, కంటి నిండా నిద్రపోండి. అంచున గుండె కొట్టుకుంటుంటే అందులో సగం గాలి తక్కువ కావడం వల్లేనని మీకు మీరే చెప్పుకోండి. అది అబద్ధం కాదు.

భయం నిజం చెప్పే రోజులూ ఉంటాయి. వాటిని వేరుగా చూడడం నేర్చుకోకపోతే ఈ అధ్యాయం మీకు మేలు కన్నా కీడు చేస్తుంది. మబ్బు కమ్మి నీడలు లేని వెలుతురులో మంచు మీది గుంటలు, గుట్టలు కనిపించవు. అప్పుడు భయం వేస్తే దాని మాట వినండి. పగలంతా జనం గీకేసిన వాలు సాయంత్రానికి గాజులా గట్టిపడుతుంది. అప్పుడూ వినండి. గొండోలా రెండో దశ ఎక్కి అఫర్వట్ పైకి వెళితే అక్కడున్నది చదును చేసిన వాలు కాదు, సహజమైన కొండ. హిమపాతాలు విరిగిపడతాయి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అక్కడ గస్తీ సిబ్బంది మూసిన చోటికి ధైర్యం పేరుతో వెళ్లడాన్ని నేను ధైర్యం అనను. గొండోలాలోనే కిందికి దిగి వచ్చే హక్కు మీకు ఎప్పుడూ ఉంది. ఆ హక్కు జేబులో ఉన్న మనిషే అంచున నెమ్మదిగా ఆలోచించగలడు.

స్నేహితుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వారాంతం ఆఫీసు మిత్రులతో కొలరాడో, యూటా కొండలకు వెళ్లే మన పిల్లల్లో చాలామంది మొదటి నిటారు వాలు చూసేది తమ ఇష్టంతో కాదు. "ఏం కాదురా, రా" అన్న మాట మీద. అన్నవాడు రెండు మలుపుల్లో మాయమవుతాడు. మిగిలినవాడు అంచున ఒంటరిగా నిలబడతాడు. తోడు తీసుకెళితే మలుపు మలుపుకూ ఆగి ఉండండి. మీరే ఆ వెనక మిగిలినవారైతే, "నేను ఈ దారిన రాను, కింద కలుస్తాను" అని ముందే చెప్పండి. అందులో తలవంపులేమీ లేవు.

సరే, అన్నీ చూశారు. వెలుతురుంది, మంచు మెత్తగా ఉంది, వాలు మీ చదువుకు ఒక్క మెట్టే పైన. అయినా కాళ్లు కదలడం లేదు. ఇప్పుడు ఏం చేయాలి?

మొదట సైడ్ స్లిప్. స్కీలు వాలుకు పూర్తిగా అడ్డంగా పెట్టి నిలబడండి. ఎగువ అంచులు మంచును కరచి ఉంటాయి, అందుకే మీరు కదలడం లేదు. చీలమండలను లోయ వైపు వెంట్రుకవాసి వదులు చేయండి. కరచిన అంచు పట్టు సడలుతుంది, మీరు అడ్డంగానే, సర్రుమని చప్పుడు చేస్తూ ఒక అడుగు కిందికి జారుతారు. మళ్లీ బిగించండి, ఆగిపోతారు. వదలండి, జారండి. బిగించండి, ఆగండి. పది సార్లు చేయండి. ఈ పది సార్లలో మీ పాదాలకు ఒక సంగతి తెలుస్తుంది: ఆగడం నా చేతిలో ఉంది. నన్నడిగితే వాలు మీద భయానికి ఇంతకన్నా మంచి మందు లేదు. నేలబారు వాలు మీద మలుపులు వంద నేర్పే ముందు సైడ్ స్లిప్ ఒక పూట నేర్పాలని నా పట్టుదల. అది వస్తే ఎంత వెడల్పు వాలైనా, మలుపు ఒక్కటీ తిప్పకుండా, అడ్డంగా జారుతూ దిగిపోవచ్చు.

దీన్ని చిన్నతనంగా అనుకునే వాళ్లున్నారు. ఆస్ట్రియాలో కిట్జ్‌బ్యూయల్ దగ్గర స్ట్రైఫ్ అనే వాలు మీద ఏటా జనవరిలో పందెం జరుగుతుంది. దాని మీద మౌసెఫాలె అనే చోట వాలు 85 శాతం. ప్రపంచంలో మేటి స్కీయర్లు అక్కడ పోటీ పడతారు. పోటీకి ముందు దారి పరిశీలనకు సమయం ఇస్తారు. అప్పుడు ఆ మేటి వాళ్లు చేసేది సైడ్ స్లిప్పే. అడ్డంగా మెల్లగా జారుతూ, ఆగుతూ, మంచును తడిమి చూస్తూ దిగుతారు. పందెం మొదలయ్యే ముందు కళ్లు మూసుకుని, అరచేతులు గాల్లో తిప్పుతూ ఆ మలుపులన్నీ మనసులో మరోసారి తిరిగి వస్తారు. వాళ్లకే అవసరమైన పని మనకు నామోషీ ఎందుకవ్వాలి?

తర్వాత మొదటి మలుపు. వాలంతా దిగాలని అనుకోకండి. ఒక్క మలుపు. నా ఇన్‌స్ట్రక్టర్ పది పన్నెండు మీటర్లు కిందికి వెళ్లి, పోల్ మంచులో గుచ్చి, "ఇక్కడికి రండి చాలు" అన్నాడు. తోడు లేకపోతే మీరే ఒక గుర్తు చూసుకోండి, మంచు మీది ఒక గీతైనా సరే. కదిలే ముందు పైకి, కిందికి రెండు వైపులా చూడాలన్నది అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం. వెనక నుంచి వచ్చేవాడే ముందున్న వాడిని కాచుకోవాలన్నది కూడా నియమమే. చాలామందికి వాలు కన్నా వెనకొచ్చేవాడు గుద్దుతాడన్న భయం ఎక్కువ. ఒకసారి పైకి చూసి, ఎవరూ లేరని తెలుసుకున్నాక ఆ భయాన్ని అక్కడే వదిలేయవచ్చు. ఇరుకు చోట, పై వాళ్లకు కనపడని చోట మాత్రం ఆగకండి.

మలుపు తిరగాలంటే మధ్యలో ఒక్క క్షణం స్కీల ముక్కులు నేరుగా కిందికి చూడక తప్పదు. బంతి వదిలితే ఏ దారిన దొర్లుతుందో ఆ దారి అది, ఫాల్ లైన్ అంటారు. భయమంతా ఆ క్షణంలోనే ఉంది. దానికి ముందు లేదు, తర్వాత లేదు. ఆ క్షణంలోనే ఒళ్లు వెనక్కి లాగుతుంది. ఆ క్షణంలోనే ఛాతీ లోయ వైపు పోవాలి. నేను ఇలా చేశాను: అడ్డంగా మెల్లగా జారుతూ రెండు చేతులూ కంటికి కనిపించేంత ముందుకు పెట్టుకున్నాను. మోకాలి కింది ఎముక బూటు నాలుకను నొక్కుతోందా అని చూసుకున్నాను. దిగువ పోల్ మంచులో తాకించి, గట్టిగా ఊపిరి వదిలాను. వదిలే ఊపిరితో పాటు భుజాలు కిందికి దిగుతాయి, బిగిసిన నడుము సడలుతుంది. బిగబట్టిన ఊపిరితో ఎవరూ ముందుకు వంగలేరు. తర్వాత ఆ పోల్ మీదుగా, ఎదురుగా ఉన్న ఎవరికో చెయ్యి అందిస్తున్నట్టు ఒళ్లంతా లోయలోకి ఒంచాను.

స్కీలు కిందికి తిరిగాయి. ముక్కులు బరువెక్కాయి. బయటి కాలి కింద అంచు కరవడం నాకు పాదంలో తెలిసింది. రెండో మనిషెవరో తిప్పినట్టు స్కీలు మరో వైపుకు వచ్చేశాయి.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మలుపు సగంలో ఉండగానే అయిపోయిందనుకుని ఇంకో వైపుకు విసురుతారు. వేగం అక్కడే చేతులు దాటుతుంది. స్కీలు పూర్తిగా అడ్డం తిరిగి, ఇంకాస్త ఎగువకు చూసేదాకా మలుపులోనే ఉండండి. వాలు మీద మీ బ్రేకు అదే. ప్రతి మలుపునూ ఆగిపోయేదాకా పూర్తి చేయండి. ఆగండి. ఊపిరి తీసుకోండి, మూడు సార్లు, అంతకన్నా ఎక్కువ వద్దు. నిలబడే కొద్దీ బావి లోతవుతుంది.

చూపు స్కీల ముక్కుల మీద కాకుండా తర్వాత వెళ్లాల్సిన మంచు మీద ఉండాలి. చెట్టును చూస్తే చెట్టు వైపే పోతాం. చెట్ల మధ్య తెల్లటి ఖాళీని చూడండి.

పడితే? పడతారు. నిజానికి చాలామంది భయం పడడం గురించే, దాన్ని ముందే విడదీసి చూడడం మంచిది. బూట్లను స్కీలకు పట్టి ఉంచే బైండింగ్‌లు ఒక హద్దు దాటిన బలం పడగానే వదిలేసేలా ఉంటాయి. ఆ హద్దును మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి పెడతారు. అద్దె దుకాణంలో బరువు తగ్గించి చెప్పకండి, నైపుణ్యం పెంచి చెప్పకండి. మీ మోకాళ్లు ఆ లెక్క మీద ఆధారపడి ఉన్నాయి. పట్టు తప్పుతోందని తెలిస్తే ఎగువ వైపు తుంటి మీద పక్కకు ఒరిగిపోండి. చేతులు నేలకు ఆనించకండి. జారిపోతుంటే కాళ్లు కింది వైపుకు తెచ్చుకుని అంచులు గుచ్చండి. లేచేటప్పుడు స్కీలు ఒంటికి దిగువన, వాలుకు అడ్డంగా ఉండాలి. చదును మీద లేవడం కన్నా నిటారు వాలు మీద లేవడం తేలిక, ఎందుకంటే ఎగువ నేల మీకు దగ్గరగా ఉంటుంది. స్కీ ఊడిపోయి ఉంటే బూటు అడుగున అంటిన మంచు దులిపి, ముందు దిగువ స్కీ తగిలించుకోండి. మెత్తటి మంచు మీద, మీరే కావాలని, రెండు సార్లు పడి లేచి చూడండి. తెలిసిన పాటు అంతగా బెదిరించదు.

ఈ మెలకువల్లో కొన్ని ఒక మనిషి ఒంటరిగా కనిపెట్టినవే. 1888లో నార్వే వాడైన నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్ దాటాడు. ఆ యాత్ర పుస్తకం చదివి, ఆస్ట్రియాలో లీలియన్‌ఫెల్డ్ దగ్గర ఉండే మథియాస్ జ్డార్‌స్కీ నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. అవి నార్వే నేలకు పనికొచ్చేవి. ఆల్ప్స్ నిటారు వాలు మీద ఆయన్ను పడేశాయి. నేర్పేవాళ్లు లేరు. ఆయన స్కీలను పొట్టిచేశాడు, పాదాన్ని గట్టిగా పట్టే బైండింగ్ తయారుచేశాడు, ఒకే ఒక్క పొడవాటి కర్ర పట్టుకుని ఏళ్ల తరబడి ఆ కొండల్లో పడుతూ లేస్తూ వేగాన్ని అదుపు చేసే మలుపులు కనిపెట్టాడు. 1890ల చివర్లో దాన్ని పుస్తకంగా వేసి, వేల మందికి నేర్పాడు. 1905లో మక్కెన్‌కోగెల్ కొండ మీద గుర్తుల మధ్యగా మలుపులు తిరిగే పందెం పెట్టాడు. ఆయన కథ చదివాక అంచున నిలబడి నన్ను నేను తిట్టుకోవడం మానేశాను. ఆ మనిషికి కొండ ముందు అక్కరకొచ్చింది గుండె దిటవు ఒక్కటే కాదు. పాదం ఎలా పెట్టాలో, బరువు ఎటు వేయాలో తెలిసే కొద్దీ ఆయన ఇంకా నిటారుగా ఉన్న చోటికి వెళ్లాడు. మనకు ఆ తెలివి తయారుగా చేతికందింది.

ఆ రోజు నేను ఆ వాలు పదకొండు మలుపుల్లో దిగాను. ప్రతి మలుపు చివరా ఆగాను. కింద చేరాక ఇన్‌స్ట్రక్టర్ చప్పట్లు కొట్టలేదు, టీ తాగుదామని కూడా అనలేదు. "మళ్లీ పైకి, వెంటనే" అన్నాడు. నేర్చుకున్నది ఒంట్లో వెచ్చగా ఉండగానే రెండోసారి దిగాలి. గంట ఆగితే మనసు మళ్లీ తన కథ మొదలుపెడుతుంది. రెండోసారి ఎనిమిది చోట్ల ఆగాను. మూడోసారి ఎన్ని చోట్ల ఆగానో లెక్కపెట్టలేదు.

నాలుగోసారి అంచున నిలబడ్డప్పుడు తొడలు మళ్లీ వణికాయి. పొద్దుటి వణుకు లాంటిదే అనుకుని, ఊపిరి వదిలి, సైడ్ స్లిప్ మొదలుపెట్టాను. భయం వణుకైతే కదలగానే తగ్గాలి. ఇది కదిలేకొద్దీ పెరిగింది. అతను నా మోకాళ్ల వంక చూశాడు. "ఇది అలసట, సార్. దీనితో వాదించకూడదు" అని, వంగి నా బైండింగ్‌ల మీద తన పోల్‌తో నొక్కాడు. స్కీలు భుజాన వేసుకుని, ఎవరికీ అడ్డురాకుండా వాలు పక్కనే నడుస్తూ, గొండోలా స్టేషన్‌కు ఎక్కి వెళ్లాం.